అత్తమ్మ చదివేదాకా వెలిగే తెర

నేను కోడలిగా వచ్చేనాటికి మామయ్య గొంతు బాగానే ఉండేది. అయినా ఆయన మాట్లాడగా నేను విన్నది తక్కువ. సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలంటారు. ఆయనా అత్తమ్మా పెళ్లికి ముందు నుంచీ ఒకే సాంచాల షెడ్డులో పనిచేశారు. ఆయన బట్ట నేసేవారు, ఆమె ఓ మూల కూర్చుని నూలు కండెలు చుట్టేది. సాంచాలన్నీ ఒక్కసారిగా నడుస్తుంటే చెవి దగ్గర నోరు పెట్టి అరిచినా వినపడదట. అందుకే ఇద్దరికీ చేతి సైగలు అలవాటయ్యాయి. పోగు తెగిందనడానికి ఒక సైగ, చాయ్ కావాలనడానికి ఒకటి, ఇంటికి పోదామనడానికి ఇంకొకటి. ఇంట్లో కూడా సగం సంసారం ఆ సైగల మీదే నడిచేది. మా పుట్టిల్లు మహారాష్ట్ర సరిహద్దు దగ్గరి భైంసా. మా ఇంట్లో అందరూ ఒకేసారి, తెలుగూ మరాఠీ కలిపి మాట్లాడతారు. ఈ ఇంటి నిశ్శబ్దం చూసి వీళ్లు పోట్లాడుకున్నారేమో అని మొదట్లో భయపడేదాన్ని.

కొన్నేళ్లకు మామయ్యకు గొంతులో గడ్డ అని తేలింది. కరీంనగర్‌లో ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ప్రాణం దక్కింది, మాట పోయింది. ఆసుపత్రిలో కళ్లు తెరిచి ఆయన మొదట అత్తమ్మకు చేసిన సైగ, నువ్వు తిన్నావా అని. ఆమె తిన్నానని చెయ్యి ఊపి, బయటికొచ్చి గోడకు ఆనుకుని ఏడ్చింది. ఇంకొకరి ఇంట్లో అయితే అక్కడితో మాటలే ఆగిపోయేవి. వీళ్లకు సైగలున్నాయి కదా అని నేనూ మా ఆయనా ధైర్యం చెప్పుకున్నాం.

కానీ సైగ కనిపించాలంటే మనిషి ఎదురుగా ఉండాలి. మా ఆయన దుకాణానికి, నేను బడికి పోతే పగలంతా వాళ్లిద్దరే. నేను ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు కంప్యూటర్ చెబుతాను. ఒకరోజు మామయ్య స్నానాల గది గడప దగ్గర జారి కూలబడ్డారు. కాలు మెలికపడి లేవలేకపోయారు. చేతికందిన చెంబుతో నేలను కొడుతూనే ఉన్నారు. అత్తమ్మ వంటింట్లో మిక్సీలో పచ్చడి నూరుతోంది. సాంచాల మోతలో అన్నేళ్లు కూర్చున్న చెవులు. మిక్సీ ఆపినా ఆ చప్పుడు ఆమెకు వినపడలేదు. పచ్చడి గిన్నెలోకి తీసి, ఇటు వచ్చినప్పుడు చూసింది.

నేను ఇంటికొచ్చేసరికి మామయ్య కాలికి కట్టు ఉంది. అత్తమ్మ మంచం పక్కన కూర్చుని ఉంది. "నా చెవులు కాలిపోను! మనిషి అంతసేపు కింద వడి ఉంటే నేను పచ్చడి నూరుకుంట నిలవడ్డ" అంది. మామయ్య ఆమె భుజం తట్టి, పచ్చడి బాగుందని వేళ్లు ముద్దుపెట్టుకుని చూపించారు. ఏడుపులోనే ఆమెకు నవ్వొచ్చింది.

చప్పుడు పనికిరాదని నాకు అర్థమైంది. ఆమె కంటికి కనిపించేది ఏదో కావాలి. ఇంట్లో వాడకుండా పడున్న ట్యాబ్ ఒకటుంది. దాన్ని వంటింటి గోడకు, మిక్సీ పక్కనే బిగించాను. మామయ్య తన ఫోన్‌లో వేలితో తెలుగు అక్షరాలు రాస్తే, ఆ మాటలు పెద్దవిగా గోడ మీది తెరపై వచ్చేట్టు చేశాను.

మొదట దాన్ని ఎప్పుడూ వెలుగుతూనే ఉంచాను. అది తప్పని తొందరగానే తెలిసింది. రోజంతా వెలిగే తెర గోడ మీది క్యాలెండర్ లాంటిదే, మాట మారినా ఆమె గమనించేది కాదు. పైగా కొత్తది రాసేదాకా పాత మాట చెరిగేది కాదు. ఒకరోజు పక్కింటామె పెరుగు తోడుకు వచ్చి, తెర మీదున్నది చదివింది. "పక్కింటామె పోయిందా? ఆమె మొదలువెడితే ఆపది." అది ముందురోజు మామయ్య రాసింది. ఆమె చదివి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, "అన్నా, గొంతు పోయినా నీ నోరు పోలేదే!" అని మంచం దాకా వినపడేట్టు అరిచింది. మంచి మనిషి కాబట్టి నవ్వుతూనే తోడు తీసుకుని పోయింది. మామయ్య దుప్పటి మొహం మీదికి లాక్కున్నారు.

ఆ సాయంత్రమే కూర్చుని పద్ధతి మార్చాను. మాట వచ్చినప్పుడు తెర దానంతటదే వెలగాలి, కాసేపటికి దానంతటదే ఆరిపోవాలి. బడిలో చెప్పే పాఠాలకూ దీనికీ సంబంధం తక్కువే. ఫోన్‌లో వీడియోలు చూసి, తప్పులు చేసి, దిద్దుకుని కుదిర్చాను. నల్లగా ఉన్న తెర ఒక్కసారిగా వెలిగితే అత్తమ్మ తల ఇట్టే తిరిగేది. ఉల్లిగడ్డలు తరుగుతున్నా, అంట్లు తోముతున్నా సరే. "నీళ్లు కావాల్నట" అంటూ పరిగెత్తేది. నేను నిశ్చింతగా బడికి పోవడం మొదలుపెట్టాను.

కొన్ని వారాలకు నేనొకటి గమనించాను. మామయ్య రాతలు రానురాను చిన్నవైపోతున్నాయి. మొదట్లో "ఎండ ఎక్కువున్నది, మిద్దె మీదికి పోకు" అని రాసే మనిషి, ఇప్పుడు "చాయ్", "నీళ్లు", "రా" అని ఒక్కొక్క మాటే. దిగులు పట్టుకుందేమో అని భయమేసింది. ఆదివారం ఆయన పక్కన కూర్చుని అడిగాను.

"మామా, పానం మంచిగ లేదా? ఏమన్న పరేషాన్ ఉన్నదా?"

ఆయన వంటింటి వైపు ఒకసారి చూసి, ఫోన్‌లో రాసి నాకు మాత్రమే చూపించారు. "మీ అత్తకు అక్షరాలు కూడవెట్టుకోవాలె. చదువుడు అయ్యేలోపే అది బంద్ అయితది. నాకు ఫికర్ లేదు. పొట్టిగ రాస్తె ఆమెకు అల్కగ ఉంటది."

అత్తమ్మకు చదవడం వచ్చనే అనుకున్నాను. ఆమె చిన్నప్పుడు రెండు తరగతులు చదివి షెడ్డుకు వచ్చేసిందని అప్పుడే తెలిసింది. తెర ఆరిపోతే ఆమె ఊహించుకుని ఏదో ఒకటి తీసుకుపోయేదట. నీళ్లడిగితే ఒక్కోసారి మందులు, మందులడిగితే ఒక్కోసారి చాయ్. మామయ్య ఏది తెచ్చినా తీసుకునేవారు.

అంట్లు తోముతున్న ఆమె దగ్గరికి పోయి, "చెప్పొచ్చు గదా అత్తమ్మా" అన్నాను.

"ఎట్ల చెప్పాలె బిడ్డా? నువ్వు అంత కష్టపడి చేస్తివి. నాకు తొందరగ చదవరాదని చెప్పుడు సిగ్గనిపించింది."

ఆమె చెయ్యి పట్టుకున్నాను. అది సబ్బు నురుగుతో తడిగా ఉంది.

ఎంతసేపు వెలగాలో నేను నిర్ణయించడం దేనికి అనిపించింది. ఆమె ఎదురుగా నిలబడ్డంతసేపు వెలగాలి, ఆమె పక్కకు పోతే ఆరాలి. మనిషి కదలికను పట్టే చిన్న పరికరం తెప్పించి తెర కింద పెట్టాను. ఇంకో చిక్కొచ్చింది. అత్తమ్మ చదివేటప్పుడు బొమ్మలా కదలకుండా నిలబడుతుంది. కదలిక లేదు కాబట్టి మనిషి లేదనుకుని తెర ఆరిపోయేది. "అరె, మళ్ల పాయె!" అంటూ గరిటె గాల్లో ఊపితే మళ్లీ వెలిగేది. అలా గరిటె తిప్పుతూ ఆమె వేసే కేకలు విని మామయ్య మంచం మీద భుజాలు కదిలేలా నవ్వేవారు. కదలకుండా నిలబడ్డ మనిషిని కూడా గుర్తుపట్టే రకం వస్తుందని తెలుసుకుని, దాన్ని మార్చాను. అది కుదిరింది.

మామయ్యకు ఆ సంగతి చెప్పాను. "ఇగ ఎంత పొడుగు రాసినా ఏం కాదు మామా. ఆమె చదివేదాక ఉంటది." ఆయన తలూపారు.

మర్నాడు సెలవు. నేను వంటింట్లోనే కూరగాయలు తరుగుతున్నాను. తెర వెలిగింది. నిండా అక్షరాలు. అత్తమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని దాని ముందు నిలబడి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పైకి చదవసాగింది.

"గా దినం షెడ్డుల నీ కండెల గంప కింద వడ్డది. అందరు నవ్విండ్రు. నేను సాంచ బంద్ జేసి వచ్చి ఏరిచ్చిన. సేటు తిట్టిండు. తిడితే తిట్టనీ అనుకున్న. గా రాత్రే మా అవ్వకు చెప్పిన, చేసుకుంటే గా పిల్లనే చేసుకుంట అని. నీకు చెప్పాల్నని ఉండె. షెడ్డుల వినవడది. ఇంటికొస్తె నిద్రొస్తది. గట్లనే ఇన్నేండ్లు పోయినయి."

ఆమె చదవడం పూర్తి చేసేసరికి పొయ్యి మీద పప్పు అడుగంటింది. నేను లేచి మంట తగ్గించాను. ఆమె ఇంకా అక్కడే నిలబడి ఉంది, తెర వెలుగుతూనే ఉంది. మళ్లీ మొదటినుంచీ చదివింది, ఈసారి పెదవులు మాత్రమే కదిలాయి. తర్వాత మామయ్య గది గుమ్మం దాకా పోయి, "గొంతున్నప్పుడు గీ మాట ఎందుకు చెప్పకపోతివయ్యా?" అంది. ఆయన ఏం సైగ చేశారో నాకు కనబడలేదు. ఆమె లోపలికి పోయి చాలాసేపు రాలేదు. ఆ రోజు మేమంతా మాడు వాసన పప్పే తిన్నాం.

ఇప్పుడు మామయ్య రోజూ రాస్తారు. షెడ్డులో చనిపోయిన తోటి కార్మికుడి గురించి, తన చిన్నతనం గురించి, కూరలో ఉప్పు గురించి. అత్తమ్మ పైకి చదవడం మానలేదు కాబట్టి అవన్నీ నాకూ వినపడతాయి. ఇన్నేళ్లుగా ఒకే ఇంట్లో ఉండి కూడా నాకు తెలియని మనిషి, ఆమె గొంతులోంచి కొంచెం కొంచెంగా తెలుస్తున్నారు. ఆయన బతికి మాకు దక్కినందుకు, నేను పెట్టిన తెర తప్పులన్నీ విసుక్కోకుండా వాళ్లిద్దరూ ఓర్చుకున్నందుకు ఎన్నిసార్లు చేతులెత్తి మొక్కుకున్నానో.

మొన్న బడిలో పరీక్షలై, కాళ్లు పీక్కుపోతూ ఇంటికొచ్చి, మామయ్య కిటికీ ఎదురుగా ఉన్న అరుగు మీద కాసేపు కూర్చుని చెప్పులు విడుస్తున్నాను. లోపల అత్తమ్మ చదువుతున్న గొంతు వినిపించింది. "కోడలు అలిసి వచ్చింది. చాయ్ పెట్టు. అల్లం దంచి వెయ్యి." కాసేపు ఆగి, నవ్వుతూ మిగతాది చదివింది. "నాక్కూడ."