బతికున్నోని మీద ఏడవని అవ్వ

ఇవాళ టీవీలో ఆ హిందీ సినిమా వచ్చింది. తెలంగాణ బందులకు మన కాన్వెంట్ మూతపడ్డ రోజులు గుర్తున్నాయా? అప్పుడే మహదేవపూర్‌లో, మా అవ్వ వాళ్ల వాడలో దాని షూటింగ్ జరిగింది. పాడె మీద బంతిపూల మధ్య హీరో పడుకున్నాడు. చుట్టూ కూర్చుని ఏడవమని ఊరి ఆడవాళ్లను పిలిచారు.

"బతికున్నోని మీద ఏడుస్తరా? అరిష్టం!" అంటూ అవ్వ లేచి పక్కకు వెళ్లిపోయింది. షాట్ అయ్యాక హీరోకు ఉప్పుతో దిష్టి తీసి, ఛాయ్ ఇచ్చింది.

జనగామలో సినిమా ఆడినప్పుడు అవ్వతో కలిసి వెళ్లాను. ఆ సీనుకు హాలంతా వెక్కిళ్లు. అవ్వ లేచి నిలబడింది.

"ఊకోండ్రి! పిలగాడు మంచిగనే ఉన్నడు, నా చేతి ఛాయ్ తాగిండు!"

నేను సిగ్గుతో తల దించుకున్నాను. హాలంతా కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "ఎవరే ఈ ముసలామె?" అని వెనక నుంచి ఒకామె అడిగింది.

బడిలో హాజరు కూడా గొణిగే నేను లేచి గట్టిగా చెప్పాను, "మా అవ్వ!"