కన్నడంల పడ్డ సోమ్లా

మా బామ్మర్ది సోమ్లా గురించి చెప్పమంటే నాకు కడుపు మండుతది. అయినా చెప్త. వాని సంగతి నాకు తెలిసినంత కారేపల్లి చుట్టుపక్కల ఎవనికీ తెల్వదు.

మనిషి ఎండుపుల్ల. నలభై ఏండ్లు దాటినా పొట్ట లేదు, తలల ఒక్క తెల్లెంటుక లేదు. ఖానాపురం హవేలి నుంచి ఖమ్మం బస్టాండు దాకా షేర్ ఆటో తోలుతడు. ఎక్కినోళ్లు మూతి ముడుచుకొని ఎక్కినా నవ్వుకుంట దిగుతరు. మా ఇంటికి వస్తే నా భార్య చాంది కోడికూరల మంచి ముక్కలన్నీ వాని పళ్లెంల వేస్తది. తమ్ముడు గదా! నేను పాల్వంచ కరెంటు ప్లాంటుల షిఫ్టు దిగి, రెండు బస్సులు మారి వచ్చినా నాకు మెడముక్కే.

ఇవన్నీ ఓర్చుకున్న. ఓర్వలేంది సినిమా ముచ్చట.

ఆరేండ్ల కింద ఒక తెలుగు సినిమా షూటింగు మా అడవి అంచుకు వచ్చింది. ఫైట్లూ కామెడీ కలిపిన సినిమా. మక్కచేన్ల మంచె మీద దొంగ దాక్కుంటడు, కింద హీరో తుమ్మంగనే మంచెతో సహా కూలాలె. పట్నం నుంచి వచ్చిన ఫైటరు మంచెను చూసి, నావల్ల కాదని దండం పెట్టిండు. వాని బదులు నేను పడ్డ. అడవిపందులకు కావలి కాసి పెరిగినోన్ని, మంచె సంగతి నాకు తెల్వదా? అందరినీ దూరం పొమ్మని నేనే కట్టుకున్న. తాడుతో గాదు, తడిపిన మోదుగ నారతో. తడి నార ఒక్కసారే ఊడదు, జారుకుంట జారుకుంట వదులుతది. చూసేటోళ్లకు దబేల్మని పడ్డట్టు ఉంటది, పడేటోనికి మాత్రం ఎవరో ఎత్తుకొని దింపినట్టు ఉంటది.

సినిమా హిట్టయింది. నేను పడంగనే హాలంతా ఈలలు. ఏం ఫాయిదా? నా మొఖానికి గోనెసంచి ముసుగు. అది నేనే అంటే షిఫ్టుల మావోళ్లు, "అవ్ అవ్ రూప్‌సింగ్, హీరోవి కూడా నువ్వే గదా!" అని ఎగతాళి చేసిన్రు.

పోయినేడు అదే సినిమా కన్నడంల తీస్తున్నమని ఫైట్ మాస్టర్ మనిషి నాకు వీడియో కాల్ చేసిండు. నా సంతోషం చెప్పతరం గాదు. వాడు నన్ను కింద మీద చూసి, "పొట్ట వచ్చిందేందన్నా? ఈసారి ముసుగు లేదు, మొఖం కనపడాలె. సన్నటి మనిషి కావాలె," అన్నడు. నా పక్కనే కూర్చొని పల్లీలు నములుతున్న సోమ్లా కూడా ఫోన్ల కనపడ్డడు. ఇంకేమున్నది, వాన్ని రమ్మన్నడు.

ముసుగు లేదంట! మొఖం కనపడతదంట!

బెంగుళూరు బస్సెక్కే ముందర సోమ్లా నా దగ్గరికి వచ్చిండు. "బావా, మంచె దేనితో కట్టినవ్? నువ్వెట్ల చెప్తే గట్ల చేస్త," అన్నడు. నార అనే మాట నా నాలుక మీదికి వచ్చింది. వాని మొఖం చూసిన. తెర మీద గా మొఖం ఎంత పెద్దగ కనపడతదో అనుకున్న. "ఏందిరా గంత ఆలోచన? నైలాన్ తాడు తీసుకొని గట్టిగ బిగించమను," అన్న. వాడు చెడగొడితే మళ్లీ నన్నే పిలుస్తరని నా ఆశ. దేవుని మీద ఒట్టు, అంతకు మించి ఏం కోరలే.

మొన్న ఆదివారం పొద్దున గా కన్నడ సినిమా ఫోన్లకు వచ్చింది. మా తండా అంతా సోమ్లా ఇంటి ముందర పోగయింది. హీరో తుమ్మిండు. మంచె కాలు గుంజిన్రు. నైలాన్ ముడి అట్లనే బిగుసుకొని నిలబడి, తర్వాత మొత్తం ఒక్కసారే వదిలేసింది. సోమ్లా నడుము మీద పడ్డడు. లేవబోయి లేవలేదు. నోరు తెరిచిండు, మూసిండు, మళ్లీ తెరిచిండు. తండా పడిపడి నవ్వింది. "ఏం యాక్టింగురా నా తమ్మునిది!" అని చాంది కండ్లల్ల నీళ్లు వచ్చేదాకా నవ్వి మళ్లీ పెట్టమన్నది.

అది యాక్టింగు గాదు. వానికి ఊపిరి అందుతలేదు. గా సంగతి నాకొక్కనికే ఎరుక. చెప్పాలంటే సిగ్గయితది, అప్పుడు కూడా నాకు కుళ్లే. నాకు ఈలలు మాత్రమే వేసిన్రు, వానికి పక్కలు పట్టుకొని నవ్వుతున్నరు.

"ఎవరు నేర్పిన్రు సోమ్లా?" అని పక్కింటి దస్రు అడిగిండు. "మా బావ. తెలుగుల పడ్డది ఆయనే. ఆయన చెప్పినట్టే పడ్డ," అన్నడు సోమ్లా. అందరూ నా దిక్కు తిరిగిన్రు. దస్రు నా భుజం చరిచిండు. ఆరేండ్ల సంది నేను ఎదురుచూసిన మాట అదే.

జనం పోయినంక సోమ్లా గోడ పట్టుకొని లేచిండు. అంగీ పైకి జరిగితే నడుముకు దవాఖానా బెల్టు కనపడ్డది. ఆటో రిపేరుకు ఇచ్చిన అని బెంగుళూరు నుంచి వచ్చిన సంది మాకు చెప్తున్నడు. ఆటో ఇంటి ఎనక పరదా కప్పి ఉన్నది.

"బావా, నువ్వు తాడుతోనే కట్టినవా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది గానీ వాని నడుము చూసినంక బయటికి రాలేదు. "నారతో. తడిపి కట్టిన," అన్న.

సోమ్లా బెల్టు మీదికి అంగీ గుంజుకున్నడు. లోపల చాంది ఎవరికో ఫోన్ చేసి తమ్ముని గొప్ప చెప్పుకుంటున్నది.

"అక్కకు చెప్పకు," అన్నడు. "తెలిస్తే నిన్ను ఇంట్లకు రానియ్యదు."

వాడు నన్ను తిట్టినా బాగుండు, కొట్టినా బాగుండు. గంత మంచోడు ఎట్ల అయిండని దానికి కూడా నాకు కుళ్లు పుట్టింది.