సవరణ వచ్చేదాకా

మా ఆయన ఆ లోపాన్ని కనిపెట్టింది వానాకాలంలో, సూర్యాపేటలో మేముండే ఇంటి ముందుగదిలో. కనిపెట్టగానే టీ అడిగారు.

ఆయన ఇంటి నుంచే కంపెనీలకు పని చేసిపెట్టేవారు. మిగిలిన సమయంలో, అందరూ ఉచితంగా వాడుకునే సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికేవారు. ఆ తప్పు ఒక వెబ్‌అసెంబ్లీ రన్‌టైమ్‌లో దొరికింది. ఎవరో రాసిన ప్రోగ్రామును నమ్మకుండానే నడిపించే సాఫ్ట్‌వేర్ అది. ప్రతి ప్రోగ్రాముకూ కొంత మెమరీ ఇచ్చి, ఆ హద్దు దాటనివ్వదు. ఇంకొంచెం మెమరీ అడిగితే ప్రోగ్రామును వేరే చోటికి మారుస్తుంది. ఒక్కచోట మాత్రం పాత చిరునామా చెరపకుండా మిగిలిపోయింది.

"అయితే ఏమైతది?" అన్నాను.

"మనం కిరాయి ఇల్లు ఖాళీ చేసినం. కొత్తోళ్లు దిగిన్రు. మన తాళంచెవి ఇంక పనిచేస్తనే ఉన్నదనుకో."

"పోయి వాళ్ల బీరువా సూడొచ్చు."

"సామాను మార్చొచ్చు గూడ. గందుకే ఎవరికీ చెప్పొద్దు."

అది ఆ వృత్తిలో ఆచారం. లోపాన్ని ఆ సాఫ్ట్‌వేర్ చూసుకునేవాళ్లకు మాత్రమే తెలిపి, సవరణ విడుదలయ్యేదాకా బయట నోరెత్తకూడదు. ముందే తెలిస్తే దాన్ని వాడుకునేవాళ్లు ఉంటారు.

ఆ రోజుల్లోనే మిర్యాలగూడ నుంచి మామయ్య వచ్చారు. రైస్ మిల్లులో గుమస్తాగా చేసి మానేసిన మనిషి. పొద్దంతా కంప్యూటర్ ముందున్న కొడుకును చూసి, "ఆఫీసు లేదు, సారు లేడు. గిదేం నౌకరిరా? ఖాళీగ కూసున్నోనికి కుర్సీ ఒకటి," అన్నారు. ఈయన నవ్వి ఊరుకున్నారు.

మామయ్య వెళ్లాక, "బాపుకన్న చెప్పొచ్చు గద," అన్నాను.

"మధ్యల చెప్తే, ఇంక కాలేదా అంటడు. అయినంక నేనే మిర్యాలగూడ పోయి చెప్త."

ఆ ప్రయాణం జరగలేదు. మా ఆయన కోదాడలో పెళ్లికి వెళ్లి బండి మీద తిరిగి వస్తుంటే లారీ గుద్దింది. దవాఖానకు చేర్చేలోపే పోయారు. సవరణ ఆ తర్వాత వచ్చింది. దానితోపాటు వెలువడిన చిన్న ప్రకటనలో, లోపాన్ని తెలియజేసినందుకు కృతజ్ఞతలంటూ ఆయన పేరుంది.

నేనే మిర్యాలగూడ వెళ్లాను. ఫోన్లో ఆ ప్రకటన తీసి మామయ్యకు చదివి, అర్థం చెప్పాను. అడ్డు తగలకుండా విన్నారు.

"గిది ఎప్పుడు దొరికింది వానికి?"

"వానాకాలంల, మామయ్యా. మీరు మా ఇంటికి రాకముందే."

"రాకముందే," అన్నారు. "ప్లాటు కొంటె రిజిస్ట్రేషన్ అయ్యేదాక మీ అత్తకు గూడ చెప్పకపోతుంటి నేను. నాకు చెప్తే నేనెవరికి చెప్తుంటి బిడ్డా?"

అది నిజం. మామయ్య ఎవరికీ చెప్పేవారు కాదు. ఆ వృత్తిలో నియమమే అంత, సొంతవాళ్లకైనా చెప్పకూడదు అనబోయి ఆగిపోయాను. నాకైతే చెప్పారు కదా.