బ్రాకెట్లోకి రాని వై

ఇరవై రెండేళ్లుగా తొమ్మిదో తరగతి పిల్లలు నా దగ్గర అదే తప్పు చేస్తున్నారు. x² + 5xy + 6y² ఇస్తే, గుణిస్తే ఆరు, కలిపితే అయిదు వచ్చే రెండూ మూడూ ఠక్కున పట్టేస్తారు. తీరా వై పెట్టడం మర్చిపోయి (x + 2)(x + 3) అని రాసి చేతులు దులుపుకుంటారు. దిద్ది దిద్ది నాకు విసుగు కూడా పాతబడిపోయింది.

అలాంటప్పుడు తగిలింది ఆవిడ. తుమ్మపాల వైపు ఒక అంగన్‌వాడీలో ఆయా. వాళ్ల టీచరు రిటైరవుతోంది. పది పాసైతే ఆ ఉద్యోగం ఈవిడకే వచ్చే వీలుంది. ఓపెన్ టెన్త్‌లో అన్నీ గట్టెక్కి, లెక్కల్లో రెండుసార్లు పోయింది. లెక్కలు చెప్పించుకోడానికి సెంటర్ మూసి షేర్ ఆటో పట్టుకుని, నేను బడి నుంచి వచ్చి టీ అయినా తాగకముందే మా గుమ్మంలో ఉండేది.

ఆవిడదీ అదే తప్పు. ఒకరోజు ఒళ్లు మండి అనేశాను: ఎక్స్ తల్లి, వై పిల్ల అనుకో, ఏ తల్లయినా పిల్లని వదిలేసి ఇంటికి పోతే నువ్వు సెంటర్‌కి తాళం వేసేస్తావా అని. ఆవిడ మొహం చిన్నబోయింది. ప్రతి పిల్లనీ తల్లి చేతికి అప్పగించాకే తాళం వేసే మనిషిట. ఆ తర్వాత మాత్రం బ్రాకెట్ల కింద వేలు పెట్టి, ఇద్దరు తల్లులు, ఇద్దరు పిల్లలు అని గొణుక్కుంటే గాని పుస్తకం నాకిచ్చేది కాదు.

పరీక్ష మూడు వారాలుందనగా నాకు ఓపిక అయిపోయింది. బడి పేపర్లు, ఇంటి పని, మోకాళ్ల నొప్పి. ఇక రావద్దు, ఇంకెవరినైనా చూసుకో అని ఆ సాయంత్రం చెప్పేద్దామనుకున్నాను. చివరిగా అదే లెక్క ఇంకోసారి మా ఇంటి గోడకున్న బోర్డు మీద చేశాను. ఆవిడ రాసుకోకుండా బోర్డు వైపే చూస్తోంది. రాసుకోవేం అన్నాను.

మెల్లగా అంది: "ఏటీ అనుకోకండి మేడమ్. ఒక తల్లి పిల్లని మర్సిపోయి ఎల్లిపోయిందండి."

చూశాను. (x + 2)(x + 3y). రాసింది నేనే. నేనన్న మాటే అది, కానీ ఆవిడ గొంతులో దెప్పు లేదు. ఆ మిగిలిపోయిన పిల్ల మీద బెంగే ఉంది. సుద్దముక్క ఆవిడకిచ్చాను. లేచి, రెండు పక్కన వై రాసి, మళ్లీ వేలితో లెక్కపెట్టుకుంది.

ఆవిడ సంచి సర్దుకుంటూ, రేపు ఆదివారం కదా, రానా వద్దా అని అడిగింది. పొద్దున్నే రమ్మన్నాను.