నాకేం కాలే

నా చిన్నప్పుడు శంషాబాద్‌లో ఇప్పుడు విమానాలు దిగే వైపంతా జొన్నచేలే. ఆ చేల అంచున ఒక మిలిటరీ డాక్టరమ్మ ఇల్లు కట్టుకుని ఉండేది. యుద్ధంలో సిపాయిల దవాఖానను ఆమే నడిపిందట. మా ఊరి మగవాళ్లకు ఆ మాట మింగుడుపడేది కాదు. ఆడమనిషి మాట సిపాయిలు వింటారా అని నవ్వేవాళ్లు. ఆమె పట్టించుకునేది కాదు.

ఒకనాడు కలుపు కూలీలతో పోతున్న ట్రాక్టర్ వాగు గట్టున బోల్తాపడింది. డ్రైవర్ పక్కనే కూర్చుని వస్తున్న పటేల్, ఆ ట్రాక్టర్ యజమాని, చెయ్యి విరిగి ఊరంతా వినబడేలా అరుస్తున్నాడు. మా అమ్మ కూడా అందులోనే ఉంది. నేను ఏడుస్తూ పోతే గట్టు మీద కూర్చుని, "నాకేం కాలే బిడ్డా, పటేల్‌కు నీళ్లియ్యి పో" అంది. జ్వరంతో నాట్లేసిన రోజు కూడా అమ్మ ఆ మాటే అనేది. నమ్మేశాను. చెంబు పట్టుకుని పటేల్ దగ్గరికి పరుగెత్తాను.

కబురందుకుని డాక్టరమ్మ వచ్చింది. పటేల్‌ను దాటుకుని నేరుగా మా అమ్మ దగ్గరికి పోయి, కింది కనురెప్ప లాగి చూసింది. లోపల సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. కడుపులో నెత్తురు కారుతోందని, వెంటనే పట్నం దవాఖానకు తీసుకుపోవాలని చెప్పింది. ఊళ్లో ఉన్నది పటేల్ జీపొక్కటే. అమ్మను అందులో పడుకోబెట్టించింది.

పటేల్ కళ్లెర్రజేశాడు. "నా జీపుల కూలిదాన్ని ఎక్కిస్తవా? ఈ ఊర్ల ఎట్లుంటవో చూస్త."

ఆమె గొంతు పెంచలేదు. "చూడు. తోపులు పేలుతుంటే కర్నల్‌ను కూసోబెట్టి సిపాయికి ముందు కుట్లేసిన. అరిచేటోనికి ఇంక ఊపిరున్నది. నీ చెయ్యి ఆగుతది, ఈమె ఆగదు."

అతని తలరుమాలుతోనే అతని చెయ్యి కట్టి, జీపెక్కి పోయింది.

అమ్మ బతికింది. ఈలోగా డాక్టరమ్మ గడప ఎవరూ తొక్కొద్దని పటేల్ చాటింపు వేయించాడు. అమ్మ లేచి నడిచిన మొదటిరోజే నా చెయ్యి పట్టుకుని, పటేల్ ఇంటి ముందు నుంచే ఆ గడపకు నడిచింది. ఆ తర్వాత డాక్టరమ్మ దగ్గరే పని నేర్చుకుని నేను నర్సునయ్యాను. దవాఖాన తలుపు దగ్గర ఏ పెద్దమనిషి గావుకేకలు పెట్టినా, నా చూపు ముందు మూలన మాట్లాడకుండా కూర్చున్నవాళ్ల మీదికే పోయేది. దానికి తిట్లు తిన్నాను. తింటే తిన్నాను.

మొన్న మా కోడలు ఎయిర్‌పోర్ట్‌లో డ్యూటీ చేసొచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. ఏమైందంటే, "నాకేం కాలే అత్తమ్మా" అంది. వెలుతురులోకి తిప్పి కింది రెప్ప లాగి చూశాను. ఆ మాట నమ్మి ఒకసారి చెంబు పట్టుకుని పరుగెత్తాను. మళ్లీ పరుగెత్తను.