చేటలో కురిసిన వాన

మొన్న మనవరాలు పనిచేసే బాపట్ల బడిలో పిల్లలు ఒక గదిని తయారు చేశారంటే చూడటానికి వెళ్ళాను. చీకటి గది. కాళ్ళ కింద తడి ఇసుక, తాకి చూడమని వేలాడదీసిన గుడ్డలు, ఎక్కడినుంచో చిరుగంటలు, నిమ్మాకు వాసన. గుమ్మం పక్కన బోర్డు ఉంది. అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని, బోర్డు కనిపిస్తే చదవకుండా కదలను. ఆటిజం ఉన్న పిల్లలు తమకు లోకం ఎలా వినిపిస్తుందో, ఎలా తగులుతుందో చూపించడానికి చేసిన గది అని రాసి ఉంది. ఆటిజం అన్న మాటను రెండుసార్లు కూడబలుక్కున్నాను. మా ఆడపడుచుకి ఆ రోజుల్లో ఈ పేరు లేదు. మొండిది, పొగరుబోతు, గాలి సోకింది అని వేరే పేర్లు మాత్రం చాలా ఉండేవి.

పంతొమ్మిది వందల అరవైల చివర నేను తెనాలికి కాపురానికి వచ్చేసరికి తనది నా ఈడే. ఎవరి మొహంలోకీ చూసేది కాదు. కొత్త చీర గరగరకి ఏడ్చేది. ఏడుసార్లు ఉతికి మెత్తబరిస్తేనే కట్టుకునేది. చెంబు కింద పడితే “ఎర్రగా ఉంది వదినా!” అని చెవులు మూసుకునేది. మజ్జిగ చిలికే చప్పుడు మాత్రం తనకి లేత నీలమట. మొదట్లో నేనూ నవ్వాను. కొన్నాళ్ళకి కవ్వం తిప్పుతుంటే నాకూ కాస్త నీలంగానే ఉండేది.

మా ఆయనకు నాటకాల పిచ్చి. రిహార్సల్సు మా పెరట్లోనే. వాన సీను రాగానే ఒకతను ఇనప రేకు పట్టుకుని దబదబా బాదేవాడు. అంతే, లోపలినుంచి ఆ పిల్ల కేక: “అది వాన కాదూ!” వచ్చినవాళ్ళ ముందు పరువు పోతోందని మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, పెరటి గదికి బయటినుంచి గొళ్ళెం పెట్టించారు. రిహార్సలు ఉన్న రోజు తను ఆ గదిలోనే. తలుపు కొట్టేది కాదు. సన్నగా ఏదో రాలుతున్న చప్పుడు మాత్రం వినిపించేది. ఒకరోజు గొళ్ళెం తీసి చూస్తే, చేటలో పెసలు పోసుకుని మెల్లగా అటూ ఇటూ వాలుస్తోంది. నేను కళ్ళు మూసుకున్నాను. వాన కురుస్తోంది.

నువ్వులైతే సన్న జల్లు, పెసలైతే ముసురు, ఉలవలైతే కుండపోత. అయినా “వాసన లేదు వదినా” అని తనే పేచీ పెట్టేది. ఎండలో కాగిన మట్టిబెడ్డల మీద నీళ్ళు చిలకరించాం. వట్టివేళ్ళ తడికను తడిపి వెనకనుంచి విసనకర్రతో విసిరాం. “ఇప్పుడొచ్చింది” అంది.

రేపల్లె దగ్గర నగరం అనే ఊళ్ళో వేసే నాటకానికి ఈ వాననే పెట్టమని మా ఆయన్ని బతిమాలి ఒప్పించాను. బావగారు మాత్రం, “నలుగురిలో అరిచిందో, ఇక ఆ గొళ్ళెం తీసేది లేదు. రోజూ లోపలే” అన్నారు. “అరవదండి బావగారూ” అన్నాను తల వంచుకుని. నా మాట మీద నాకే నమ్మకం లేదు.

వరి కోతలయ్యి చేలల్లో కుప్పలు వేసి ఉన్న రోజులు. మా పొలమూ అక్కడే. దీపాలు పెట్టే వేళకి నాటకం మొదలైంది. బావగారు ముందు వరసలో కూర్చున్నారు. తెర వెనక ఆ పిల్ల హార్మోనియం వినపడకుండా చెవుల్లో దూది పెట్టుకుని కూర్చుంది. తన వంతు రాగానే దూది తీసేసింది. ముందు మట్టివాసన జనంలోకి వెళ్ళింది. వెనకే చల్లగాలి. తర్వాత నువ్వులు. పెసలు అందుకునేలోపే ఎవరో అరిచారు, “వానొస్తంది రోయ్, కుప్పలు!” జనమంతా ఒక్కసారి లేచారు. ఆడవాళ్ళు పిల్లల్ని కొంగుల కింద దాచుకుని పరుగు. అందరికంటే ముందు, కండువా నెత్తిన వేసుకుని మా బావగారు. రాజు వేషంలో మా ఆయన ఖాళీ చాపలకి తన దుఃఖం చెప్పుకుంటూ మిగిలిపోయాడు.

కాసేపటికి జనం తిరిగొచ్చారు. ఆకాశం నిండా చుక్కలే. బావగారు రొప్పుతూ నేరుగా తెర వెనక్కి వచ్చారు. అయిపోయింది అనుకున్నాను.

“ఏంటే, ఇదంతా నువ్వేనా?”

తను తలెత్తలేదు. నీళ్ళ గిన్నెలోకి ఒక్కొక్క ఉలవగింజ వదులుతోంది. “ఆగన్నయ్యా. వాన వెలిసింది గానీ, ఇంకా చూరు కారాలి.”

టప్. కాసేపాగి, టప్. బావగారు అక్కడున్న వేషాల పెట్టె మీద కూలబడి, ఆఖరి చుక్క దాకా కదలకుండా విన్నారు.

మర్నాడు పొద్దున్నే పటకారుతో ఆ గొళ్ళెం ఊడబెరికారు. “తుప్పు పట్టింది, పనికిరాదు” అన్నారు, ఎవరూ అడక్కుండానే.

తర్వాత పదేళ్ళు రేపల్లెలో, బాపట్లలో, మా నాటకం ఎక్కడ ఆడినా వాన తనదే. ఇప్పుడు బావగారు లేరు, మా ఆయన లేరు, తనూ లేదు. ఆ రాత్రి వాన వెలిసి యాభై ఏళ్ళు దాటింది. చూరు ఇంకా కారుతూనే ఉంది.