ఇద్దరికి నింపిన గాలి

పోయిన వానాకాలం నుంచి ఈ వానాకాలం దాకా నేను మా ఆయన బండి ఎక్కలేదు. ఎక్కనని ఒట్టు పెట్టుకున్నాను. నా ఒట్టు సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకమని మా అత్తమ్మ పెళ్లయిన కొత్తలోనే తేల్చేసింది.

ముందు ఆ బండి గురించి చెప్పాలి. మా ఆయనది వరంగల్ మార్కెట్లో చీరల దుకాణం. పొద్దంతా తెల్ల పరుపు మీద కూర్చుని చీరలు విప్పి చూపించే మనిషి. పొట్ట కొంచెం ముందుకొచ్చింది, జుట్టు కొంచెం వెనక్కి పోయింది. అలాంటి మనిషి, యాభైకి దగ్గర పడుతూ, ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు నడిపే స్పోర్ట్స్ బండి కొనుక్కొచ్చాడు. చిన్నప్పటి కోరికట. దాని వెనక సీటు కోతులు కూర్చునే కొమ్మలా ఎత్తుగా ఉంటుంది. చీర కట్టుకుని దాని మీదికి ఎక్కడం నేర్చుకునేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. బజారంతా చూసి నవ్వింది. మొదట సిగ్గుపడ్డాను, తర్వాత నవ్వుకోనీ అనుకున్నాను.

నిజం చెప్పాలంటే ఆ సీటంటే నాకు చాలా ఇష్టం. వానలు పడి నాట్లు మొదలయ్యాయంటే, ఏదో ఒక ఆదివారం ములుగు రోడ్డు పట్టుకుని పాలంపేట దాకా పోయేవాళ్లం. అందరూ రామప్ప గుడి చూడటానికి పోతారు. మేము నాట్లు పడ్డ మళ్లు చూడటానికి పోయేవాళ్లం. దారి పొడుగునా ఆయన ఏదో ఒకటి చెప్తూనే ఉండేవాడు. గాలికి సగం వినపడేది కాదు, అయినా ఊఁ కొట్టేదాన్ని. ఇంట్లో ఆయన అంత మాట్లాడడు. దుకాణంలో నోరు అరిగిపోయి ఇంటికి వస్తాడు మరి.

పోయిన ఏడు అండర్‌బ్రిడ్జి దగ్గర పడ్డాం. వాన అప్పుడే ఆగింది. ముందు పోతున్న ఆటో ఉన్నట్టుండి ఆగితే ఆయన బ్రేకు నొక్కాడు, వెనక టైరు పక్కకు జారింది. ఆయనకు మోకాలు గీరుకుపోయింది, నాకు మణికట్టు విరిగింది. దవాఖానలో నాకు కట్టు కడుతుంటే ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. అది చూసి కూడా నా నోరు ఊరుకోలేదు.

"ఇగ మీ బండి ఎక్క. సచ్చినా ఎక్క."

"టైరు జారిందే. నేను మెల్లగనే నడిపిన గదా."

"టైరుదేం తప్పు? మీరెట్ల తిప్పితే అది అట్ల తిరుగుతది."

 అందరితో కోపమని చెప్పుకున్నాను గానీ, నాది భయం. పడేటప్పుడు ఆయన నడుం పట్టుకున్న నా చెయ్యి విడిపోయింది. విరిగిన నొప్పి మరిచిపోయాను, ఆ విడిపోవడం మరిచిపోలేదు. కట్టు విప్పాక కూడా ఆయన బండి స్టార్టు చేస్తే నేను లోపలికి పోయేదాన్ని.

ఆ తర్వాత పెళ్లికి పోయినా, దినానికి పోయినా ఆయన బండి మీద, నేను ఆటోలో. అత్తమ్మ వాకిట్లో నిలబడి చెయ్యి తిప్పేది. "ఒక్క ఇంట్లకెల్లి రెండు బండ్లల్ల పోవుడేంది? పంచాయితీ పడ్డట్టు!" ఆయన మాత్రం ఒక్కసారి కూడా ఎక్కమని అడగలేదు. అడిగితే కాదనేదాన్ని. అడగనందుకు కూడా లోపల మండేది.

ఆ ఏడే ఆయనకు నడుము నొప్పి పట్టుకుంది. పొద్దున స్నానానికి ముందు పీట మీద కూర్చోబెట్టి నొప్పుల నూనె రాసేదాన్ని.

"స్పీడ్ బ్రేకరు వచ్చినప్పుడల్ల జల్లున గుంజుతాందే," అనేవాడు.

"పిల్లల బండి తెచ్చుకుంటే పెద్దల నొప్పులొస్తయ్," అనేదాన్ని. దెప్పుతూనే రాసేదాన్ని. దెప్పకుండా చేసిన పని నాకు గుర్తు లేదు.

ఈ ఏడు మొదటి వాన పడగానే, "టైర్లు మార్చాలె, నువ్వు గూడ రా. నువ్వే పసందు చెయ్యి," అన్నాడు.

"ఎక్కని బండికి నా పసందెందుకు?"

"చీర కొననోళ్లు గూడ వచ్చి చూసిపోతరు గదా."

నవ్వొచ్చింది. సరేనన్నాను. ఆయన బండి మీద పోయాడు, నేను వెనక ఆటోలో పోయాను.

ములుగు రోడ్డు మీద ఆ టైర్ల దుకాణం నడిపేది గడ్డం నెరిసిన ఒక పెద్దాయన. మా ఆయన ఆయన్ని చాచా అంటాడు, ఆయన మా ఆయన్ని సేటు అంటాడు. నాకు స్టూలు వేసి కూర్చోమని, రెండు టైర్లు తెచ్చి ముందు పెట్టాడు.

"చూడు బిడ్డా. ఇది గట్టి రబ్బరు. ఏండ్లకేండ్లు నడుస్తది, గని వానల జర జారుతది. ఇది మెత్త రబ్బరు. తడి రోడ్డును గూడ పట్టుకుంటది, ఈ గాడులల్లకెల్లి నీళ్లు పక్కకు పోతయ్. గని జల్ది అరుగుతది."

రెండింటినీ గోటితో నొక్కి చూశాను. మెత్తదాని మీద గోటి గుర్తు పడింది. మా ఆయన గట్టిదే తీసుకుంటాడనుకున్నాను. వచ్చిన ప్రతి ఆడమనిషితో "ఈ చీర మీ మనవరాలు గూడ కట్టుకుంటది" అనే మనిషాయన. చెప్పుల జత కొన్నా ఎన్నేళ్లు వస్తుందని అడిగి మరీ కొంటాడు. అలాంటిది మెత్త టైరు మీద చెయ్యి వేశాడు.

"జల్ది అరుగుతది సేటూ, మళ్ల నన్ను అనొద్దు."

"అరగనియ్ చాచా, మళ్ల ఏయించుకుంట. పట్టుకునేదే గావాలె."

"ఇంక జర ఎడల్పుది ఎయ్యమంటరు కాలేజీ పిల్లలు, చూపుకు."

"నాకు చూపొద్దు. కంపెనీ సైజే ఎయ్యి."

వెనక చక్రం విప్పి పాత టైరు బయటికి తీశారు. చాచా దాన్ని దొర్లించుకుంటూ వచ్చి నా ముందే నిలబెట్టి, అరచేత్తో నిమిరి చూశాడు. నేనూ చూశాను. నడుమ ఒక పట్టీలాగా నున్నగా అరిగిపోయింది. పక్కలకు మాత్రం కొత్త టైరుకుండే సన్నటి రబ్బరు వెంట్రుకలు ఇంకా నిలబడే ఉన్నాయి.

"వెనక గాలి ఎంత పెడ్తాన్నవ్ సేటూ?"

"ముప్పై రెండు."

"అది ఇద్దరికి గదా! ఒక్కనివే పోతే ఇరవై ఎనిమిది, బండి మీది స్టిక్కరు మీద గూడ రాసుంటది. ఒక్కని బరువుకు గంత గాలి నింపితె టైరు ఉబ్బి నడుమలనే రోడ్డుకు తాకుతది. గుద్దుడు గూడ ఎక్కువనే. నడుము నొస్తలేదా నీకు? రోజు ఎనక ఎవరన్న కూసుంటరా?"

మా ఆయన ముందు టైరు దగ్గరికి పోయి, అక్కడ చూడాల్సిందేమీ లేకపోయినా చూడసాగాడు.

అబద్ధమెందుకు, నాకు మొదట వచ్చింది అనుమానమే. చీరల దుకాణానికి వచ్చేవాళ్లంతా ఆడవాళ్లే కదా. చరచరా ఆయన దగ్గరికి పోయాను.

"ఏడాది సంది మీ ఎనక ఎవరు కూసుంటాన్నరు?"

"ఎవరు గూసుంటరే? ఎవ్వరు లేరు."

"మరి ఇద్దరి గాలి ఎందుకు?"

ఆయన తల ఎత్తలేదు. చాచాకు వినపడకూడదని గొంతు తగ్గించాడు.

"నువ్వు ఏ రోజు ఎక్కుతనంటవో తెలువదు గదా. ఎక్కుతనన్న రోజు, ఆగు గాలి కొట్టిచ్చుకొస్త అంటే, నేను వచ్చేలోపల నీ మనసు మళ్లుతది. అందుకే నింపి పెడ్తాన్న."

నాకు ఏడుపొచ్చింది. ఏడాది పాటు నేను నూనె రాసిన నడుము అది. నేను లేని సీటుకు నా బరువు గాలి నింపి, ప్రతి గుంతకూ ఎగిరి పడుతూ తిరిగాడు. ఒక్కసారి నోరు తెరిచి ఎక్కమని అడిగితే ఏం పోయేది? అడిగితే కాదనేదాన్నని ఆయనకు తెలుసు. నా గురించి నాకంటే బాగా తెలిసిన మనిషి మీద ఎంత ప్రేమ పొంగుకొచ్చిందో, అంత కోపం కూడా వచ్చింది.

"బుద్ధుందా మీకు?" అన్నాను.  కొంగుతో ముఖం తుడుచుకున్నాను. "బిగించనియ్యుండ్రి. ఇంటికి బండి మీదనే వస్త."

చాచా చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇయ్యాల ఒద్దు బిడ్డా. కొత్త టైరు మీద మైనం లెక్క మెరుపుంటది. అది అరిగెదాక జారుతది. కొన్ని రోజులు ఒక్కడే మెల్లగ నడపాలె. ఎనక మనిషిని ఎక్కించుకోవద్దు."

ఏడాది ఒట్టు తీసి గట్టున పెడితే టైరు ఒప్పుకోలేదు. ముగ్గురమూ నవ్వాం. నేను మళ్లీ ఆటోనే ఎక్కాను. ఎక్కేముందు మా ఆయనకు ఒక షరతు పెట్టాను: ఒక్కరే పోయినన్ని రోజులు ఒక్కరికే గాలి, నా మీద ఒట్టు. దారిలో ఆటో వెనకే, ఆటోను దాటకుండా వస్తున్న బండిని అద్దంలో చూసి డ్రైవరు అడిగాడు.

"ఎవరమ్మా, మన ఎంటనే వస్తాండు?"

"మా ఆయన."

"పంచాయితీనా?"

"కాదు. కొత్త టైర్లు."

అతనికి ఏం అర్థమైందో గానీ, ఆటో కొంచెం మెల్లగా పోనిచ్చాడు.

షరతు ప్రకారం ఆయన వెనక గాలి ఒక్కరికే నింపించుకున్నాడు. నడుము నొప్పి తగ్గింది. కానీ గాలి తగ్గించి వచ్చిన రోజు, ఏదో పోగొట్టుకున్న వాడిలా వాకిట్లో చాలాసేపు కూర్చున్నాడు. నేను చూసీ చూడనట్టు చాయ్ తెచ్చి ఇచ్చాను.

వానలు కుదిరాయి. ఒక ఆదివారం పొద్దున ఆయన వంటింటి గడప దగ్గర నిలబడి, "టైర్ల మెరుపు పోయిందే," అన్నాడు.

"అయితే?"

"అయితే ఏం లేదు. ఊకె చెప్తాన్న."

బయటికి పోయి టైరు నిమిరి చూశాను. గరుకుగా ఉంది. లోపలికి వచ్చి, అటక మీద దుమ్ము పట్టి ఉన్న నా హెల్మెట్ దించి తుడుచుకున్నాను.  అత్తమ్మ వాకిట్లోనే నిలబడింది గానీ, ఈసారి చెయ్యి తిప్పలేదు.

టైరు వేడెక్కకముందే గాలి చూడాలని చాచా చెప్పాడు. పెట్రోల్ బంకు మా సందు చివరే. ఆయన బండి తోసుకుంటూ నడిచాడు, నేను పక్కన నడిచాను. గాలి కొట్టే అతను పైపు పట్టుకుని వెనక చక్రం దగ్గర కూర్చున్నాడు.

"ఎంత పెట్టాలె సార్? ఒక్కరా, ఇద్దరా?"

ఏడాదంతా ఈ ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పిన మనిషి ఇప్పుడు నా వైపు చూశాడు. రోడ్డంతా తడి. నా మణికట్టు సన్నగా సలిపింది. నాకు భయం పోలేదు, ఇప్పటికీ ఉంది.

"ఇద్దరికి పెట్టు తమ్మీ," అన్నాను.

గాలి ఎక్కుతున్నంతసేపూ మా ఆయన హెల్మెట్ పెట్టుకుని, కళ్లు కనపడకుండా అద్దం దించుకునే నిలబడ్డాడు.